మూత పెట్టి తీసిన ఫోటోలు

"లైట్లు ఆర్పు! లైట్లు ఆర్పవయ్యా బాబూ!"

ట్రెస్సా నాతో మాట్లాడిన మొదటి మాట అది. మాట్లాడింది అనడం కూడా మర్యాద కోసమే. అరిచింది.

మెక్‌లేన్ పార్కులో సరస్సు ఒడ్డున అప్పుడే కారు ఆపాను. నవంబరు కాబట్టి సాయంత్రం ఆరింటికే కటిక చీకటి. హెడ్‌లైట్లు ఆర్పుదామని ఒక మీట నొక్కితే వైపర్లు ఊగాయి. ఇంకోటి నొక్కితే లైట్లు రెట్టింపయ్యాయి. కంగారులో తలుపు తీస్తే లోపలి దీపం వెలిగింది. దిగి తాళం నొక్కితే కారు నాలుగు వైపులా మిణుక్కుమని, హారన్ కూడా కొట్టింది.

చీకట్లో అందరూ నవ్వారు. ఒక్కరు మాత్రం నవ్వలేదు.

నుదుటికి, చీకట్లో కళ్లు చెదరని ఎర్ర దీపం కట్టుకున్న ఆ మనిషి మంచులో కరకరా అడుగులేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మూడు వారాలకి ఇవాళ తెరుచుకుంది ఆకాశం. నా ఫోటోలో ఇప్పుడు నక్షత్రాలు లేవు, నీ కారే ఉంది."

"సారీ అండీ. మీ నక్షత్రాల క్లబ్బులో కొత్తగా చేరాను. నేర్చుకుందామని..."

"ఏం నేర్చుకుందామని? కారు ఆపడమా?"

అప్పుడే హోల్గర్ వచ్చాడు. క్లబ్బులో అందరికంటే పెద్దవాడు. నా డిక్కీలోకి తొంగి చూశాడు. "ఆ పెట్టె ఏంటబ్బాయ్?"

"ట్రాకర్ అండీ. నిన్ననే వచ్చింది." భూమి తిరుగుతుంటే ఫోటోలో నక్షత్రాలు గీతల్లా సాగిపోతాయి. అలా కాకుండా కెమెరాని వాటి వెంట మెల్లగా తిప్పే యంత్రం అది.

"కొత్తదా?" హోల్గర్ గొంతు మారింది.

"సీలు కూడా తీయలేదండీ!" గర్వంగా చెప్పాను.

ఒకాయన తన టెలిస్కోపు విప్పి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ఇంకొకావిడ ఫ్లాస్కు మూత బిగించింది. కొత్త సామాను కొన్నవాడి వెంట మబ్బులొస్తాయని వీళ్ల నమ్మకం. నేను నవ్వాను. పావుగంటలో సరస్సు మీంచి మబ్బు లేచి, ఆకాశాన్ని దుప్పటిలా కప్పేసింది. మా హాటన్ ప్రాంతంలో సరస్సు మబ్బు ఒకసారి పట్టిందంటే ఇక వసంతం దాకా దానిష్టం.

"నీ పేరేంటి?" అంది ఆ అమ్మాయి.

"ఆర్వో కంగాస్."

"గుర్తుంచుకుంటాను ఆర్వో." ఆ మాటలో తీపి లేదు.

*

కొత్త సామాను కొన్నదానికి ప్రాయశ్చిత్తం కూడా ఉందన్నాడు హోల్గర్. ట్రాకర్ వచ్చిన ఖాళీ పెట్టెని పెరట్లో సరస్సు వైపు నోరు తెరిచి పెట్టాలి. అది మంచుతో నిండితే ఆకాశం క్షమించినట్టు. పెట్టాను. సాక్ష్యంగా ఫోటో తీసి క్లబ్బు గ్రూపులో పంపాను కూడా.

"ఒరేయ్, నిన్ను చదివించింది ఇందుకా?" అన్నాడు నాన్న కిటికీలోంచి చూస్తూ.

మా తాత రాగి గనిలో పనిచేశాడు. నాన్న రోడ్ల మీద మంచు తోసే కౌంటీ బండి నడుపుతాడు. మా ఇంట్లో డిగ్రీ తెచ్చుకున్న మొదటివాణ్ని నేను. పాఠం చెప్పేవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేయబట్టే ఆ డిగ్రీ వచ్చింది. నీటి శుద్ధి కేంద్రంలో ఇంజనీరు ఉద్యోగమూ అలాగే వచ్చింది. ఆ అలవాటు పోలేదు. పెట్టె సంగతి ఉత్త వేళాకోళమని, గ్రూపంతా పడీ పడీ నవ్విందని వారం తర్వాత గానీ తెలియలేదు.

అది తెలిసిన మర్నాడే ట్రెస్సా నుంచి మెసేజ్ వచ్చింది.

"కెమెరా తీసుకుని ఐదున్నరకి ఒడ్డుకి రా."

"మబ్బుగా ఉంది కదా?"

"అందుకే రమ్మంటున్నా."

వెళ్లాను. ఆమె తన ట్రక్కు పక్కనే స్టాండు నిలబెట్టించి, దాని మీద నా కెమెరా బిగించింది.

"మూత పెట్టు."

"దేనికి?"

"లెన్స్‌కి. కావాలంటే నీ నోటికి కూడా పెట్టుకో. ఇప్పుడు తియ్యి."

"మూత పెట్టి ఫోటో తీయాలా?"

"ఊఁ. ఇరవై."

నేను అటూ ఇటూ చూశాను, చెట్ల వెనక హోల్గర్ ఎక్కడైనా నక్కి ఉన్నాడేమోనని.

"ఆట కాదు," అంది. "చీకట్లో చాలాసేపు తెరిచి ఉంచితే కెమెరా తనంతట తానే చుక్కలు పుట్టిస్తుంది. నక్షత్రాలు కావవి, చెత్త. అవెక్కడెక్కడ పుడతాయో తెలియాలంటే వెలుగు లేకుండా ఫోటో తీయాలి. తర్వాత అసలు ఫోటోలోంచి దీన్ని తీసేయాలి. ఖాళీ డబ్బా తూచి ముందు ధడా కట్టుకున్నట్టు. వీటిని డార్కులంటాం."

అర్థమైంది. బయట చలిలో కెమెరా ఒంటరిగా టిక్కు టిక్కుమంటూ నల్లటి ఫోటోలు తీసుకుంటోంది. లోపల ట్రక్కులో వెచ్చగా మేం ఇద్దరం. ఆమె కాగితం పొట్లం విప్పి, పెద్ద కజ్జికాయలా మడిచి కాల్చిన పాస్టీ సగానికి విరిచి ఇచ్చింది. లోపల మాంసం, బంగాళాదుంప ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"కెచప్ ఉందా?" అన్నాను.

ఆమె నమలడం ఆపింది. "దిగు."

"ఏమైంది?"

"పాస్టీ మీద కెచప్ పోసేవాణ్ని నా ట్రక్కులో కూర్చోబెట్టుకున్నానా? పెన్‌హేల్ వంశం వాళ్లం మేం. మా ముత్తాత గనిలోకి పాస్టీ జేబులో పెట్టుకుని దిగేవాడు. గ్రేవీ పోసుకోవాలి. గ్రేవీ!"

"మా తాతా గనిలోనే పనిచేశాడు. మా ఇంట్లో గ్రేవీ అంటే గుమ్మం దాటనివ్వరు."

"అందుకే మీ మీద మబ్బులు."

ట్రెస్సా హాన్‌కాక్ ఊళ్లో కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఎవర్ని చూసినా ముందు కళ్లే చూస్తుంది. అలాగే నన్ను చూసి, "నీ కుడికన్ను నవ్విన కాసేపటికి గానీ ఎడమకన్ను నవ్వదు, తెలుసా?" అంది. అది మెప్పో, జబ్బో తెలియక ఇంటికెళ్లి అద్దం ముందు చాలాసేపు నవ్వాను. అమ్మ భయపడింది.

మర్నాడు మళ్లీ మెసేజ్. "నిన్నటి చలి వేరు, ఇవాళ్టి చలి వేరు. చలి మారితే డార్కులు మళ్లీ తీయాలి. రా."

వెళ్లాను. ఆ తర్వాతి రోజూ చలి మారింది. ఆ తర్వాతి రోజూ.

డిసెంబరు వచ్చేసరికి నా దగ్గర నక్షత్రమున్న ఫోటో ఒక్కటీ లేదు. నల్లటి ఫోటోలు మాత్రం వందల కొద్దీ పోగయ్యాయి. ఆకాశం తెరుచుకోకపోతే బాగుండునని అనిపించడం మొదలైంది. నక్షత్రాల ఫోటోలు నేర్చుకునేవాడికి రాకూడని కోరిక అది. మబ్బు పోతే పాఠం అయిపోతుంది, ట్రక్కులో చోటూ పోతుంది. ఆమెతో చెప్పేద్దామంటే ఏమని చెప్పను? ఒకరోజు నా మఫ్లరు సర్దింది. ఆ వెంటనే, "నీ ముక్కు ఎర్రదీపంలా ఉంది, చీకట్లో పనికొస్తుంది" అంది. నన్ను శిష్యుడిలా చూస్తోందా, కాలక్షేపంలా చూస్తోందా, ఇంకోలానా? మా కేంద్రంలో నీళ్లు ఎంత మురికిగా ఉన్నా పరీక్ష పెడితే తేలిపోతుంది. ఈమె మాత్రం తేలదు.

*

సోమవారం కోఆప్ స్టోరులో హోల్గర్ ఎదురయ్యాడు. "ఎలా ఉందబ్బాయ్ కొత్త యంత్రం?"

"ఇంకా అక్కడిదాకా రాలేదండీ. రోజూ ఒడ్డుకెళ్లి డార్కులు తీస్తున్నాం."

"ఒడ్డుకా?" చేతిలోని రొట్టె బుట్టలో పడేశాడు. "డార్కులకి ఒడ్డెందుకు? కెమెరాని ఇంట్లో ఫ్రిజ్‌లో పడేస్తే అదే తీసుకుంటుంది. మీట తిప్పితే ఏ చలి కావాలంటే ఆ చలి."

"ట్రెస్సాకి ఆ సంగతి తెలీదేమోనండీ."

"తెలియకపోవడమా? నాకు ఆ ఉపాయం చెప్పిందే ఆ పిల్ల!" ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

నాకు మాత్రం పెరట్లో నోరు తెరుచుకున్న పెట్టె కళ్ల ముందు కనబడింది. ఆట కాదు అంది. నేను నమ్మాను. అడిగినప్పుడల్లా వెళ్లి, మూత పెట్టి, చలికి వణికి, పైగా థాంక్స్ చెప్పి వచ్చాను. గ్రూపులో ఎంత నవ్వుకుంటున్నారో!

ఆ సాయంత్రం వెళ్లలేదు. "రావట్లేదా?" అని మెసేజ్. పని ఉందన్నాను. మర్నాడు, "ఇవాళ్టి చలికి మన దగ్గర డార్కులు లేవు" అని వచ్చింది. 'మన' అన్న మాట చాలాసార్లు చదివాను. జవాబివ్వలేదు. తర్వాత మెసేజ్‌లు ఆగిపోయాయి. ఆగిపోతే హాయిగా ఉంటుందనుకున్నాను, ఉండలేదు.

ట్రాకర్ అమ్మకానికి పెట్టాను. శనివారం మధ్యాహ్నం గ్రీన్ బే నుంచి ఒకాయన వచ్చి పట్టుకెళ్లాడు. ఆయన కారు ఊరి చివరి వంతెన దాటిందో లేదో, పడమటి వైపు మబ్బు చిరిగి నీలం కనబడింది. మూడయ్యేసరికి ఆకాశం కడిగిన గాజులా ఉంది.

నాలుగింటికి ఎవరో తలుపు దడదడ కొట్టారు. నాన్న తీశాడు.

"ఒరేయ్ ఆర్వో! ఒకమ్మాయి కోపంగా వచ్చింది. నీ చోట నేనుంటే వెనక గుమ్మంలోంచి పోతాను."

ట్రెస్సా టోపీ కూడా తీయకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. "ఆకాశం తెరుచుకుంది. ట్రాకర్ పట్టుకుని బయల్దేరు."

"అమ్మేశాను."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

ఆమె కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "ఓహో, అందుకా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం.

మా అమ్మకి గుమ్మంలో నిలబడ్డవాళ్లని చూస్తే తిండి పెట్టాలనిపిస్తుంది. "కూర్చోమ్మా, పాస్టీలు అయిపోవచ్చాయి. కెచప్‌తోనేగా?"

"గ్రేవీ ఆంటీ."

నాన్న చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగింది. అమ్మ నెమ్మదిగా, ఇంట్లో పాముల్ని పెంచుకోం అన్నంత మర్యాదగా, "మేం గ్రేవీ వాడమమ్మా" అని, వెన్న తేవడానికి గ్యారేజీలోకి వెళ్లింది.

అక్కణ్నుంచి కేక. "ఆర్వో! ఫ్రిజ్‌లో జింక మాంసం పక్కన ఈ కెమెరా ఏంట్రా? మేజోడు తొడిగావు! పైగా టిక్కుటిక్కుమంటోంది!"

నేను కదిలేలోపే ట్రెస్సా గ్యారేజీలో ఉంది. అమ్మ ఆమె మొహం చూసి, వెన్న పట్టుకుని లోపలికి పోయింది.

ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది. కెమెరా మూత పెట్టుకుని బుద్ధిగా నల్లటి ఫోటోలు తీసుకుంటోంది.

"ఎవరు చెప్పారు?" అంది ట్రెస్సా.

"హోల్గర్. సోమవారం. నిజమో కాదో చూద్దామని పెట్టాను."

"సోమవారం నుంచే రావడం మానేశావు."

"మరి ఇంకెన్నాళ్లు రమ్మంటావు, మీరంతా నవ్వుకోవడానికి? పెట్టె మంచులో పెట్టాను. సరే, అదొక ఆట. నువ్వు మాత్రం ఆట కాదన్నావు. నేను నమ్మాను."

"నవ్వుకోవడానికా?" ఆమె గొంతు లేచింది. "ఎవరో నవ్వుకోవడానికి నేను రోజూ ఆ గాలిలో పెట్రోలు కాల్చుకుంటూ కూర్చుంటానా? డ్యూటీ దిగి తిండి కూడా తినకుండా పాస్టీలు కట్టించుకుని వస్తానా? నాకు ఇంట్లో ఫ్రిజ్ లేదా?"

"ఉందా?"

"ఉంది!"

"మరి ఫ్రిజ్ ఉండగా ఒడ్డుకి ఎందుకు..."

అక్కడ ఆగాను. ఏదో తెలుస్తున్నట్టే ఉంది, మళ్లీ తెలియనట్టే ఉంది.

"ఇంజనీరువి," అంది ట్రెస్సా, ఈసారి మెల్లగా. "ఒకమ్మాయి రోజూ మబ్బుల్లో రమ్మని పిలుస్తుంటే ఒక్కసారైనా ఎందుకని అడగవా?"

"చలి మారిందన్నావు కదా."

"మారింది. అది నిజం. నిజం కాబట్టే అది చెప్పాను. అసలుది చెప్పడానికి భయమేసింది."

"అసలుది ఏంటి?"

వంటింట్లోంచి నాన్న గొంతు వినబడింది. "ఒరేయ్, ఇక్కడ కూర్చున్న నాకే అర్థమైందిరా!"

"మీరు నోరు మూసుకోండి!" అంది అమ్మ.

ట్రెస్సా మొహం ఎర్రబడింది. తల పక్కకి తిప్పి, "నీ కళ్లు పరీక్ష చేయాలి," అంది. "కోట్ల మైళ్ల అవతల ఏముందో చూడాలని కెమెరా కొంటావు. ట్రక్కులో పక్క సీటు కనబడదు."

అప్పుడు కనబడింది. సోమవారం హోల్గర్ చెప్పిందీ అదే, ఇప్పుడు ఆమె చెప్పిందీ అదే. డార్కులకి ఒడ్డు అక్కర్లేదు. అది విని అక్కర్లేని చోటికి నన్ను రప్పించి నవ్వుకుందనుకున్నాను. అక్కర్లేని చోటికి ఆమె కూడా రోజూ వచ్చిందన్న లెక్క నాకు తట్టనేలేదు.

"ట్రెస్సా, నేనొక పాపం చేశాను," అన్నాను. "ఆకాశం తెరుచుకోకూడదని రోజూ కోరుకున్నాను."

ఆమె నా కళ్లలోకి చూసింది, ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. రెండోది నవ్వేదాకా ఆగింది.

"క్లబ్బులో అనకు, తంతారు," అంది. "ఇద్దర్నీ."

*

ఒడ్డున క్లబ్బంతా ఉంది. చీకట్లో ఎర్ర దీపాలు మిణుకుమంటున్నాయి. మేం ఓ చివర చోటు చూసుకున్నాం. ఆమె ట్రాకర్ మీద నా కెమెరా పెట్టి, కృత్తికల వైపు తిప్పాం. మొదటి ఫోటోలో నక్షత్రాలు కోడిగుడ్లలా వచ్చాయి, స్టాండు కాలు బిగించడం మరిచాను మరి. రెండోదానిలో నా మఫ్లరు కొస ఉంది. ఐదోదో ఆరోదో చిన్న తెర మీద వెలిగేసరికి దాని మీదికి వంగిపోయాను. మెరిసే చుక్కలు, వాటి చుట్టూ నీలిరంగు పొగ. కంటికి ఆ పొగ కనబడదు. కెమెరాకి కనబడింది.

"బాగుందా?" అంది.

"నమ్మలేకపోతున్నా."

"ఇప్పుడు డార్కులు తియ్యి."

"అవి ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో తీసుకోవచ్చు కదా?"

"ఆర్వో."

"ఊఁ?"

"మూత పెట్టు."

పెట్టాను. ట్రక్కులో కూర్చున్నాం. ఇన్నాళ్లకి తెరుచుకున్న ఆకాశం నెత్తిమీద ఉంది. ఇద్దరిలో ఒక్కరమూ దాన్ని చూడలేదు.

ఉన్నట్టుండి ఒడ్డంతా పట్టపగలైంది. గర్జించుకుంటూ కౌంటీ మంచు బండి వచ్చి ఆగింది. ముందు నాలుగు దీపాలు, నెత్తిమీద గిరగిరా తిరిగే పసుపు దీపం.

"ఎవడ్రా అది! లైట్లు ఆర్పు!" చీకట్లోంచి హోల్గర్ అరిచాడు. అందరూ అరిచారు.

నాన్న తాపీగా దిగి, గుడ్డ చుట్టిన సీసా ఒకటి, పాస్టీల పొట్లం ఒకటి ట్రక్కు కిటికీలోంచి అందించాడు. సీసా వేడిగా ఉంది.

"డ్యూటీకి పోతున్నా. మీ అమ్మ ఇచ్చి రమ్మంది," అన్నాడు నాతో. తర్వాత ట్రెస్సా వైపు వంగి, గొంతు తగ్గించాడు. "గ్రేవీ అమ్మా. పక్కింటావిణ్ని అడిగి చేసింది. ముప్పై ఏళ్లలో నాకెప్పుడూ చేయలేదు."

నేను బయట ఆ వెలుగులో నిలువునా మునిగిన కెమెరా వైపు కంగారుగా చూశాను. ట్రెస్సా నా చెయ్యి పట్టుకుంది. ఒడ్డంతా ఇంకా అరుస్తూనే ఉంది. ఒక్కరు మాత్రం నవ్వుతున్నారు.

"మూత పెట్టే ఉందిగా," అంది. "ఏం కాదు."