గుర్రాల వరసలో ఒక గాడిద

"తాడు కావాలే దానికి! తాడు! తాడు లేకుండా ఒక్క పూట కూడా ఉండలేదది!"

ఫోన్లో హనియా అత్త అరుస్తోంది. కనీసం బతూల్ చెవికి అలాగే వినపడింది. అత్త ఉన్నది అజెమ్మూర్ పట్నం బస్టాండులో. చుట్టూ బస్సుల హారన్లు, పళ్లమ్మేవాళ్ల కేకలు. "ఏ తాడు అత్తా?" అని అడిగేలోపే ఫోను కట్టయింది.

"తాడేగా! ఎన్ని కావాలంటే అన్ని!" అనుకుంది బతూల్.

తాడు కావలసింది బర్క్‌కి. బర్క్ అంటే హనియా అత్త గుర్రం. బూడిద రంగు ఒళ్లు, నల్లటి జూలు, చూపులో రాజసం. వచ్చే శుక్రవారం సముద్రం ఒడ్డున మూసెమ్ పండగ. ఆడవాళ్ల గుర్రపు దళానికి అత్తే నాయకురాలు. గుర్రాలన్నీ ఒకే వరసలో దూసుకొచ్చి ఒక్కసారే ఆగాలి. తుపాకులన్నీ ఒక్కటే మోతగా పేలాలి. ఆ వరసకి నడిమధ్య బర్క్!

దళం దుస్తులు కుట్టించడానికి అత్త పట్నం వెళ్తూ, "నేనొచ్చేదాకా బర్క్ బాధ్యత నీదే" అంది. ఆ మాటతో పదేళ్ల బతూల్ మెడ గుర్రం మెడంత పొడుగైంది.

ఆ మెడని మర్నాడే వంచేశాడు పక్కింటి బుషైబ్. నాగజెముడు కంచె మీదుగా తొంగి చూసి, "ఏయ్ బతూల్! మీ బర్క్ గాడిదతో కలిసి ఉంటోందేంటి? పండగనాడు ఓండ్ర పెడుతుందేమో చూసుకో!" అని పకపకా నవ్వాడు.

నిజమే. బర్క్ ఉండే రెల్లు పాకలోనే తాతగారి ముసలి గాడిద కర్మూస్ కూడా ఉంటుంది. కర్మూస్ అంటే అంజూరపు పండు. రంగు అంతే, మెత్తదనం అంతే. ఆ పాకకి ఒకవైపు గోడే లేదు. నేలంతా మట్టి.

బతూల్‌కి తల కొట్టేసినట్టయింది. "తాతా, కర్మూస్‌ని పుచ్చతోటకి తీసుకెళ్లి అక్కడే ఉంచుకోండి" అని పంపేసింది. ఉల్లిపాయల కోసం నాన్న కట్టించిన సిమెంటు గది ఖాళీగా ఉంది. నున్నటి నేల, నీలం తలుపు. దాన్ని కడిగి, గోడలకి పూలదండలు వేలాడదీసి, గడ్డి పరిచి, బర్క్‌ని లోపల పెట్టి తలుపేసింది.

గిట్టలున్న బర్క్‌కి ఆ గది గిట్టలేదు. బార్లీ ముట్టలేదు. బకెట్లో నీళ్లు అలాగే ఉన్నాయి. తలుపు మీద మాత్రం దబా దబా తన్నుతోంది. మేత లేదు, మోతే! అందుకే బతూల్ అత్తకి ఫోన్ చేసింది. కొత్త గదిలో బర్క్ ఒక్కటే ఉందని గొప్పగా చెప్పింది, కర్మూస్ సంగతి మింగేసింది. అప్పుడే వచ్చింది ఈ తాడు మాట.

ముందు అమ్మ నేసిన ఎర్ర ఉన్ని తాడు కట్టింది. బర్క్ తల విదిలించి మొహం తిప్పుకుంది. "పండగ తాడు నచ్చలేదేమో" అనుకుని బండి తాడు తెచ్చింది. అదీ నచ్చలేదు. చివరికి బావి తాడు విప్పి తెచ్చింది.

"ఒసేయ్ బతూల్!" పెరట్లోంచి అమ్మ కేక. "బావి తాడు పట్టుకుపోతే నీళ్లెలా తోడమంటావే? నా జడతోనా?"

"బర్క్‌కి కావాలమ్మా! అత్త చెప్పింది!"

"మీ అత్త గుర్రాన్ని చూసుకోమందా, బావిలోంచి తోడమందా?"

బావి తాడు బావికి వెళ్లిపోయింది. బర్క్ దిగులు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

బతూల్ గడపలో కూలబడింది. గదిలోంచి వేడి సెగ కొడుతోంది. చిన్న కిటికీ అయినా లేదు. బర్క్ పక్కకి తిరగబోతే తోక గోడకి తగిలింది, గిట్ట సర్రున జారింది. గడ్డి పరిచింది పరిచినట్టే ఉంది. ఎక్కడా నలగలేదు. అంటే రాత్రంతా పడుకోనే లేదు!

తినని గుర్రం పరుగెత్తలేదు. బర్క్ పరుగెత్తకపోతే వరస మధ్యలో ఖాళీ. దళం మొత్తం నాయకురాలు లేకుండా నిలబడుతుంది. అత్త తనని నమ్మి వెళ్లింది మరి!

పొద్దు వాలుతుండగా బాటమీంచి ఓ గొంతు మోగింది.

"ఓం... హీ... ఓం... హీ!"

బర్క్ చెవులు రెండూ నిటారుగా లేచాయి. ఇల్లు అదిరేలా సకిలించింది. అంతే! పుచ్చకాయల బండితో వస్తున్న కర్మూస్ వాకిలి దగ్గర ఆగకుండా నేరుగా నీలం తలుపు వైపే లాగింది. కాయలు దొర్లుతున్నాయి. వాటి వెనకాల తాతగారు పరుగు. "ఆగవే! ఓ అంజూరమా! ఆగమంటే!"

బతూల్ ఒక్క ఉదుటున తలుపు తీసింది. బర్క్ బయటికొచ్చి కర్మూస్ మెడ మీద గడ్డం ఆనించి, పొడుగ్గా ఊపిరి వదిలింది. బతూల్ బకెట్ తెచ్చి పెట్టగానే గటగటా తాగేసింది.

తాతగారు ఆయాసపడుతూ గదిలోకి తొంగి చూశారు. "ఏం తల్లీ, గుర్రాన్ని ఉల్లిపాయలతో కలిపి అమ్ముతావా?"

"రాజులా ఉంటుందని పెట్టాను తాతా." బతూల్ దొర్లిన కాయనొకదాన్ని ఎత్తి బండిలో పెట్టింది. "బుషైబ్ నవ్వాడని... కర్మూస్‌ని నేనే కావాలని పంపేశాను. గాడిద వెళ్లింది, గుర్రం గాడి తప్పింది."

"రాజుకైనా గాలాడాలి, కాళ్లు చాపుకునే చోటుండాలి. కబుర్లాడే మనిషి ఉండాలి" అన్నారాయన. "మరిప్పుడేం చేద్దాం?"

బతూల్ పార పట్టుకుంది. పాక శుభ్రం చేసి, మట్టినేల మీద మందంగా గడ్డి పరిచింది. నీళ్ల తొట్టి నీడలోకి జరిపింది. సముద్రపు గాలి పాకలోకి హాయిగా వీస్తోంది. తెల్లారి చూస్తే గడ్డి బాగా నలిగి ఉంది. ఒక పెద్ద గుంట, పక్కనే ఒక చిన్న గుంట!

శుక్రవారం. సముద్రం ఒడ్డున తెల్ల గుడారాలు. వాటి ముందు జరీ జీనులతో గుర్రాల వరస. ఆ వరసలో బర్క్ పక్కన పొడుగు చెవులతో కర్మూస్, మెడలో ఎర్ర ఉన్ని తాడు.

బుషైబ్ ఊరి పిల్లలందరినీ వెంటేసుకొచ్చాడు. "చూశార్రా! గుర్రాల వరసలో గాడిద! ఎవరిదిరా అది?"

"మాదే!" బతూల్ గట్టిగా, పండగంతా వినపడేలా చెప్పింది. "పేరు కర్మూస్. అది పక్కనుంటేనే మా బర్క్ తింటుంది, పడుకుంటుంది. ఇప్పుడు పరుగెడుతుంది చూడు!"

పరుగెట్టింది! గుర్రాలన్నీ ఒక్క గీతలా దూసుకొచ్చాయి, ఒక్క గీతలా ఆగాయి. ఢాం! ఒక్కటే మోత. జనం మధ్యలోంచి ఈలలు, చప్పట్లు. అందరికన్నా గట్టిగా ఈలేసింది బుషైబే.

గుడారంలో పుదీనా టీ పోస్తూ హనియా అత్త బతూల్‌ని దగ్గరికి లాక్కుంది. "అందరూ వినండర్రా! 'దానికి తోడు కావాలే' అని ఫోన్లో ఒక్క మాటన్నానో లేదో, పిల్ల ఎలా అందుకుందో చూశారా!"

బతూల్ నోరు తెరుచుకుంది. "తోడా?"

"తోడే! మరేమనుకున్నావు?"

"తాడనుకున్నాను అత్తా. ఎర్ర తాడు కట్టాను, బండి తాడు కట్టాను. బావి తాడు కూడా..."

"అదా సంగతి!" అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఈ అత్తాకోడళ్లు కలిసి నా చేత జడతో నీళ్లు తోడించబోయారే!"

తాతగారి గ్లాసులో టీ ఒలికింది. గుడారం గుడారమంతా ఒకటే నవ్వు. బతూల్ కూడా నవ్వేసి, కర్మూస్‌ని తనే పంపేసిన సంగతి అందరి ముందూ అత్తకి చెప్పేసింది. అత్త టీ పళ్లెం పక్కనున్న పుచ్చకాయని రెండు చెక్కలు చేసి బతూల్ చేతుల్లో పెట్టింది.

బయట కర్మూస్ ఓండ్ర పెట్టింది. ఈసారి ఎవరికీ తప్పుగా వినపడలేదు. బతూల్ పెద్ద చెక్క పట్టుకుని దాని దగ్గరికి పరుగెట్టింది.