ఐదాకుల నాచు

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, కంటి పరీక్ష చార్టును పైకి చుడితే దాని వెనక ఒక మ్యాప్ ఉంటుంది. పెద్దాయన చార్టు చుట్టి, మ్యాప్ మీద కొత్త రిజర్వాయర్ ఉన్నచోట వేలు పెట్టాడు.

"మూడు నగరాలు తాగే నీళ్లు ఇవి. రేపు ప్రారంభోత్సవం. నీటిని శుభ్రం చేసే మొక్కలంటూ అందులో బుట్టెడు నాచు వదులుతారు. సప్లై చేసేది అద్దాలాయన."

అద్దాలాయన అక్వేరియంల వ్యాపారి. పైకి రంగు చేపలు, లోపల విదేశీ ముఠా. నిఘా డిపార్ట్‌మెంట్ కన్ను అతని మీద పడి చాలాకాలమైంది.

"నాచు వదిలితే కొంపేం మునుగుతుంది సార్?" అన్నాడు ఏజెంట్ తూము.

"మామూలు నాచైతే ఏం మునగదు. వాళ్ల ల్యాబ్‌లో పుట్టిన రకం ఒకటుంది. కోడ్‌నేమ్ 'ఉరి'. వేలెడంత ముక్క నీళ్లలో పడితే చాలు, ఒక్క సీజన్‌లో పంపులన్నిటి గొంతు నొక్కేస్తుంది. తొట్టి దగ్గర నిలబడి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఇదిగో, దాన్ని పెంచుతున్నది ఈవిడ."

బల్ల మీద ఫొటో పడింది. తూము దాని వంక చూడలేదు. ఆ ఫొటో తీసింది తనే.

ఆమె కోడ్‌నేమ్ కలువ. నీటిమొక్కల శాస్త్రవేత్త, తూముకు భార్య. డిపార్ట్‌మెంట్‌తో గొడవపడ్డట్టు నాటకమాడి, ముఠాలో చేరి ఏడాది దాటింది. మొదట్లో రహస్యంగా మెసేజ్‌లు వచ్చేవి. కొన్ని నెలలుగా అవీ లేవు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు పెద్దాయన మెల్లగా. "ఆవిడ మన మనిషే అయితే బయటికి తీసుకురా. కాదని తేలితే వాచీ నొక్కు. మనవాళ్లు లోపలికొచ్చేస్తారు."

తర్వాత ఒక సిగరెట్ లైటర్ చేతిలో పెట్టాడు. "ఇందులో ఆకు ముక్క వేసి మూత పెట్టు. అదే వేడెక్కి, పావుగంటలో స్ట్రిప్ బయటికి తోస్తుంది. ఒక గీత వస్తే మామూలు నాచు. వాళ్లు అతికించిన జన్యువు ఉంటేనే రెండో గీత వస్తుంది."

తూము లైటర్‌ని చూడాల్సినదానికంటే ఎక్కువసేపు చూశాడు. ఇలాంటి స్ట్రిప్ మీద రెండో గీత కోసమే భార్యాభర్తలిద్దరూ ఒకప్పుడు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. ఎప్పుడూ ఒకటే గీత. బాత్రూం తలుపు తీసి "ఈసారి కాదులే" అని ఆమె నవ్వేది. మళ్లీ తలుపు వేసుకుని కుళాయి తిప్పేది. ఏడుపు బయటికి వినిపించకూడదని.

*

అద్దాలాయన గోడౌన్‌లో మధ్యాహ్నం కొనుగోలుదారులకు విందు. వరసగా గాజు తొట్లు, పంపుల గుడగుడలు, తడిసిన సిమెంటు వాసన. పెట్టుడు మీసం, ఇంటీరియర్ డెకొరేటర్ వేషం వేసుకుని తూము లోపలికి వచ్చాడు. ఆకుపచ్చ పట్టు గౌను, హైహీల్స్, చెవులకు ముత్యాలతో ఆమె ఎదురొచ్చింది. ల్యాబ్ కోటు తప్ప ఒంటి మీద ఏదుందో పట్టించుకోని మనిషి! కోటు కన్నా గౌనే బాగుందని ఒప్పుకోవడం తూముకు కష్టమైంది.

"ఈ తొట్టిలో నీళ్లెప్పుడు మార్చారండీ?" అన్నాడు.

"నీళ్లు మార్చలేదండీ. చేపల్నే మార్చాం."

కోడ్ సరిపోయింది. కానీ ద్రోహులు కూడా కోడ్ సరిగ్గానే చెబుతారు.

ఆమె పక్కనున్న తొట్టి చూపించింది. "రేపు రిజర్వాయర్‌కి వెళ్లేది ఇదే. నా చేత్తో పెంచాను. ఏ భయమూ అక్కర్లేదు, నమ్మొచ్చు."

ఆమె అటు తిరగగానే తూము చెయ్యి నీళ్లలో ముంచి ఒక కాడ తీశాడు. కణుపు చుట్టూ ఆకులు లెక్కపెట్టాడు. మన చెరువుల్లో నాచుకు మూడుంటాయి. దీనికి ఐదున్నాయి. ఆకు అంచున బొటనవేలితో రాశాడు. మన నాచు నున్నగా జారుతుంది. ఇది రంపంలా గీరుకుంది. ఈ లక్షణాలన్నీ పెళ్లైన కొత్తలో ఆమె నేర్పినవే.

ఉరి. రేపు మూడు నగరాల నీళ్లలోకి వెళ్లేది ఉరి. దాన్ని చూపిస్తూ భయం లేదంటోంది తన భార్య!

ఆకు తుంచి లైటర్‌లో వేశాడు. పావుగంట ఆగాలి. ఆమే చెప్పేది ఎప్పుడూ: "ఆకు చూసి అనుమానపడు, జన్యువులో మార్కర్ చూసి నమ్ము. నీటిమొక్క ఏ నీళ్లలో ఉంటే ఆ వేషం వేస్తుంది." నిదానమే ప్రధానమని లోకమంతా చెప్పేదీ అదే.

అంతలో అద్దాలాయన వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు తూముకు బాగా తెలిసిందే. ఎక్కడ చూశాడో మాత్రం ఆ క్షణంలో గుర్తురాలేదు. ఒళ్లు మండిపోయింది.

వాచీ నొక్కేశాడు.

బయట విజిళ్లు, లోపల కేకలు, తొట్లు పగిలి చేపలు నేల మీద కొట్టుకుంటున్నాయి. ఆ గోలలో అద్దాలాయన ఒక్కడే తాపీగా ఉన్నాడు.

"ఆ మీసాలాయనతో ఈ తొట్టి దగ్గర మాట్లాడింది నువ్వొక్కదానివే కదూ?" అని ఆమెను అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. సైలెన్సర్ పెట్టిన పిస్టల్ చిన్నగా దగ్గింది. బల్ల మీద ఉన్న గాజు కూజాను చంకలో పెట్టుకుని సరుకుల లిఫ్టులోకి వెళ్లిపోయాడు.

తూము జేబులో లైటర్ టిక్కుమంది. స్ట్రిప్ బయటికి వచ్చింది.

ఒకటే గీత.

పరిగెత్తుకుంటూ వెళ్లి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు. పెట్టుడు మీసం ఊడి గౌను మీద పడింది.

"ఆకులు లెక్కపెట్టావు కదూ?" అంది.

"ఐదున్నాయి..."

"ఐదుండాలనే అలా పెంచాను. మన నాచునే నీడలో ఉంచి, నీళ్లలో సున్నం కలిపి... అది ఉరి అని వాడు నమ్మాలిగా. నమ్మాడు." కాస్త ఊపిరి తీసుకుంది. "నువ్వూ నమ్మావు. అంత బాగా వచ్చిందన్నమాట."

"ఒక్క మెసేజైనా పెట్టలేదేం?"

"నా ఊపిరి కూడా వినేవాడు. నువ్వొస్తే చాలనుకున్నా. ఆగుతావనుకున్నా."

శత్రువు కోసం ఆమె వేసిన వేషం కట్టుకున్నవాణ్ణి కూడా మోసం చేసింది. మోసపోయింది తను, పోతున్న ప్రాణం ఆమెది.

"అసలు ఉరి అంతా కాల్చేశాను. తల్లిమొక్క ఒక్కటే మిగిలింది, ఆ కూజాలో. రిజర్వాయర్‌కే తీసుకెళ్తాడు. వెళ్లు."

"నిన్నిలా వదిలేసి ఎలా వెళ్లను?"

"వెళ్లమంటుంటే! వెళ్తూ వెళ్తూ ఆ కుళాయి తిప్పు."

తొట్లు కడిగే కుళాయి పక్కనే ఉంది. తూము దాన్ని పూర్తిగా తిప్పేసి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

*

రిజర్వాయర్ గట్టు మీద, కట్టీకట్టని తోరణాల మధ్య అద్దాలాయన రెయిలింగ్ అవతలికి కూజా చాచి నిలబడ్డాడు. గుడ్డ మూత అప్పటికే ఊడదీశాడు.

"అడుగు ముందుకేశావో, వదిలేస్తా."

"వెయ్యకపోయినా వదిలేస్తావుగా" అని తూము రెయిలింగ్ మీంచి దూకేశాడు.

అద్దాలాయన చెయ్యి వదలడం, తూము గాల్లోనే కూజాను గుండెకు హత్తుకోవడం ఒక్కసారే జరిగాయి. అరచేత్తో కూజా మూతి బిగించి నీళ్లలో పడ్డాడు. పైకి తేలేసరికి గట్టు మీద డిపార్ట్‌మెంట్‌వాళ్లు అద్దాలాయన చేతులు వెనక్కి విరిచి కట్టేస్తున్నారు. పడవవాళ్లు లాగి పైకి వేసినా ఆ అరచెయ్యి మాత్రం కూజా మీంచి ఎవరూ తీయలేకపోయారు.

ఒడ్డున పెద్దాయన నిలబడి ఉన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"అంబులెన్స్ వచ్చేసరికే..." అన్నాడు.

తూము తలూపాడు. కుళాయి చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఆ నవ్వు ఎక్కడిదో ఇప్పుడు గుర్తొచ్చింది.

"కూజా ఇటివ్వు. కాల్చేద్దాం."

"నా లైటర్ తడిసింది, మీ దగ్గరున్నది ఇవ్వండి సార్. పావుగంట."

తడిబట్టలతోనే మెట్ల మీద కూర్చుని, ఆకు తుంచి వేసి, కళ్లార్పకుండా చూస్తూ ఉన్నాడు. స్ట్రిప్ బయటికి వచ్చింది. మొదటి గీత. కాసేపటికి దాని పక్కనే, లేతగా మొదలై ముదురుతూ, రెండోది. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లకెప్పుడూ రాని రెండో గీత.

"వచ్చిందే" అన్నాడు పక్కన లేని మనిషితో. అప్పుడు ఏడ్చాడు.

పెద్దాయన కూజాలోకి తొంగి చూశాడు. "ఇది ఉరి అని తెలిసిందేగా. ఆకులు లెక్కపెట్టినా సరిపోయేది. పావుగంట ఎందుకు వృథా చేశావు?"

తూము స్ట్రిప్‌ను జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

"లెక్కపెట్టడం ముందే వచ్చు సార్. ఆగడమే ఇవాళ నేర్చుకున్నాను."