నూటికి తొంభై

కాలేజీలో బుధవారం సాయంత్రాలు పిచ్చివాళ్ళకి క్లాసు పెడుతున్నారనీ, ఆ గదిలోకి ఈ ఇంటి అమ్మాయి వెళ్ళడం తన చెల్లెలు కళ్ళారా చూసిందనీ పైవాటా ఆవిడ మెట్ల మీద చెప్పిందట. ఆవిడ నోట్లో ఆవగింజ పడితే గుమ్మడికాయై బయటికొస్తుందని ఇల్లాలికి తెలుసు. అయినా పొద్దున్నే కాఫీతో పాటు ఆ మాటనూ మొగుడి ముందు పెట్టింది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. పనిముట్ల సంచీ సర్దుకుంటున్నవాడల్లా ఆగాడు.

"అమ్మడూ, ఇలా రా. పిచ్చివాళ్ళ గుంపులో నీకేం పని?"

కూతురు వచ్చి మంచం అంచున కూర్చుంది. "పిచ్చివాళ్ళు కాదు నాన్నా. తొమ్మిది మందిమి. నిద్ర పట్టనివాళ్ళం, ప్రతిదానికీ హడలిపోయేవాళ్ళం. మనసులో పుట్టిన ప్రతి ఆలోచననీ నమ్మెయ్యకుండా పరీక్షించడం మా మేడం నేర్పుతుంది. ముదరకముందే."

"రోగమే లేనప్పుడు మందెందుకు?"

"లిఫ్టు తాడు నువ్వు తెగాక చూస్తావా, తెగకముందా?"

తల్లికి నవ్వొచ్చింది గానీ మొగుడి మొహం చూసి మింగేసింది.

"మాటలు బాగా నేర్చావు. ఈ వారం నుంచి మానెయ్. నలుగురికీ తెలిస్తే మా తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఈ వారం మానలేను. ఇంటిదగ్గర చేసే పనొకటి ఇచ్చారు. అది నీతోనే చెయ్యాలి."

పుస్తకంలోంచి మడత కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. కాగితం మీద మూడు గళ్ళు. మొదటి దాంట్లో, 'రెండు సబ్జెక్టులు పోయాయని చెబితే నాన్న నాతో మాట్లాడడం మానేస్తాడు.' రెండో దాంట్లో, 'నమ్మకం: నూటికి తొంభై.' మూడో గడి పైన 'నిజంగా జరిగింది' అని ఉంది. కింద ఖాళీ.

ఆయన లేచాడు. కూతురు కళ్ళు గట్టిగా మూసుకుంది. స్టూలు ఈడ్చిన చప్పుడు విని తెరిచేసరికి ఆయన ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు.

"పోతే పరీక్ష మళ్ళీ రాద్దువు," అన్నాడు. "అందరూ ఇలాగే రాస్తారా?"

"రాసి పైకి చదవాలి. రుజువేదీ అని మిగతావాళ్ళు అడుగుతారు. ఒకడు, క్యాంటీన్లో అందరూ తననే చూస్తారని రాశాడు. వాడు తింటుంటే మేం దూరంగా కాపలా కూర్చున్నాం. అరగంటలో ఇద్దరు చూశారు. అందులో ఒకడు ఉప్పు కోసం."

ఆయన కాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళుగా బరువులు వేసి, బ్రేకు పట్టిందని తేలాకే లిఫ్టుని జనానికి వదులుతున్నాడు. గుండెలోని భయానికీ అలాంటి పరీక్ష ఉంటుందని ఆయన ఊహకైనా అందలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లలు, కన్నవాళ్ళకి చెప్పుకోలేనిది పదిమందిలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. వాళ్ళలో తన పిల్ల ఒకతె. ఇంత ధైర్యం తన ఇంట్లో తిరుగుతుంటే, ఆ పిల్ల కంచంలో అన్నం వదిలేసినప్పుడల్లా వంటకి వంక పెడుతోందనుకున్నాడు.

తల్లి కళ్ళు తుడుచుకుంది. కూతురు పెన్ను తీసి మూడో గడిలో 'స్టూలు దగ్గరికి లాక్కున్నాడు' అని రాసింది.

"బుధవారం నేనే దింపుతాలే," అన్నాడాయన. రెండో గడి మీద వేలు పెట్టి, "అది సరేగానీ, మరీ నూటికి తొంభై వేశావేమే? నేనంత కఠినుణ్ణా?"

"ఒక్క మాట అన్నాడని బాబాయితో పన్నెండేళ్ళుగా మాట్లాడ్డం లేదుగా నాన్నా."