మిరపకాయల మీద మసి

“మా కాయల మీద మసి పోసింది నువ్వే! నువ్వూ, నీ లారీ, దాన్నిలా తయారుచేసిన ఆ మెకానిక్ కోటేషూ! ముగ్గురూ దొంగలే!”

పెదనందిపాడు రోడ్డుకి అడ్డంగా నిలబడి షాహిస్తా అరిచింది. పక్కనే కల్లంలో పట్టాల మీద ఆరబోసిన మిర్చి. ఎర్రగా మెరవాల్సిన కాయ పొయ్యి వెనక గోడలా ఉంది. పొద్దున ఆమె తండ్రి అబ్దుల్లా మిర్చి యార్డుకి నమూనా పట్టుకెళితే, కొనేవాడు గుప్పెడు కాయ తీసి, తన వేళ్లు చూసుకుని, అక్కడే పారేశాడు.

మాలిక్ లారీ కేబిన్‌లోంచి తల బయటపెట్టాడు. రేపు వాళ్లమ్మ జైతున్‌బీ ఈ పిల్లనే అడగడానికి వీళ్లింటికే రాబోతోంది. రేపటి కోసమని కొన్న తెల్లచొక్కాని ఆత్రం ఆగక ఇవాళే వేసుకున్నాడు.

“అది మసి కాదు, పికప్!”

“నల్లగా ఉంటుందా పికప్పు?”

“నీకు తెలీదులే. పొగొస్తే పవరొచ్చినట్టు. అన్ని లారీలూ అంతే.”

అన్ని లారీలూ అంతేనట! వెనకొచ్చేవాడు దగ్గి చస్తే మనం ముందుకు పోయినట్టు లెక్క. ఫిట్‌నెస్ చూసే దొరలకేమో ఏడాది పొడవునా జలుబే, ఏ పొగా వాసన తగలదు.

“చొక్కా విప్పు,” అంది షాహిస్తా.

“రోడ్డు మీదా?”

“బనీనుందిగా, సిగ్గెందుకు?”

అతను విప్పిచ్చిన చొక్కా వీపుని సైలెన్సర్ గొట్టానికి అడ్డం పట్టి, “తొక్కు!” అంది. తొక్కాడు. తెల్లచొక్కా మీద పెనమంత నల్లమచ్చ పడింది.

“రేపు ఇదే వేసుకుని రా. మా నాన్న అడిగితే పికప్ అని చెప్పు.”

మాలిక్ గొంతు తగ్గిపోయింది. “మీ కల్లం దగ్గరికొచ్చేసరికి బండి గర్జించాలని చేయించా. నువ్వు తలెత్తి చూస్తావని.”

“చూశా. తల నిండా మసి పడింది.” నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. “కాయ పాడుచేసినోడికి మా నాన్న పిల్లనిస్తాడా? పద, ఆ కోటేష్ దగ్గరికి,” అంటూ తనే కేబిన్ ఎక్కేసింది.

షెడ్డులో కోటేష్ టీ తాగుతున్నాడు.

“అన్నా, దీన్ని ఏం చేశావు?” అడిగాడు మాలిక్.

“పంపులో డీజిల్ పెంచా. ఇంజిన్ టకటకా కొట్టుకుంది. డీజిల్ చల్లే టైమింగ్ కాస్త వెనక్కి తిప్పా, నోరు మూసింది.”

“మార్కు చూశావా?”

“మార్కులు కంపెనీవాడికిరా. నాకు చెవుంది.”

మాలిక్ బానెట్ ఎత్తి లైటేసి చూశాడు. పంపు మీది గీత, ఇంజిన్ మీది గీత ఎదురెదురుగా కలవాలి. రెంటికీ మధ్య వేలు పట్టేంత సందు. పిస్టన్ పైకి చేరే ముందు చల్లాల్సిన డీజిల్‌ని అది కిందికి దిగేటప్పుడు చల్లితే ఎక్కడ కాలుతుంది? అందులోనూ ఎక్కువ చల్లితే?

“అంటే ఇదంతా కాలని డీజిలేనా?” అన్నాడు మాలిక్.

“పొయ్యిలో పుల్లలన్నీ ఒకేసారి కుక్కి చూడు, తెలుస్తుంది,” అంది షాహిస్తా.

“ఏరా, ఆడపిల్ల మాట విని ఇంజిన్ తగ్గిస్తావా?” కోటేష్ ఎగతాళి చేశాడు. “రేపట్నించి ఆటోలు కూడా నిన్ను దాటిపోతాయిరా!”

షెడ్డులోని డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. మాలిక్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా స్పానర్ అందుకున్నాడు. బోల్టులు వదులు చేసి, గీతకి గీత కలిపి, డీజిల్ తగ్గించి స్టార్ట్ చేశాడు. షాహిస్తా చొక్కా చెయ్యి గొట్టానికి అడ్డం పెట్టింది. ఈసారి గుడ్డ తెల్లగానే ఉంది.

తిరిగి కల్లానికొచ్చారు. అబ్దుల్లా మసి కాయల మధ్య గొంతుక్కూర్చున్నాడు.

“మామయ్యా, ఈ మసి నా లారీదే.”

“ఇంకా మామయ్యని కాలేదు.” పెద్దాయన ఒక గుడ్డ విసిరాడు. “కడిగితే బూజు పడతది. తుడువు. ఒక్కో కాయ.”

మాలిక్ కూర్చున్నాడు. తుడిచి తుడిచి, మరిచిపోయి అదే చేత్తో కళ్లు నలుపుకున్నాడు. ఇంకేముంది! బుగ్గలంతా నీళ్లు. అయినా లేవలేదు.

పొద్దువాలే దాకా చూసి అబ్దుల్లా అన్నాడు: “ఒరేయ్ మాలిక్, రేపు మీ అమ్మని భోజనానికే రమ్మను.”

మాలిక్‌కి ఏమీ కనబడటం లేదు గానీ, పక్కనుంచి షాహిస్తా నవ్వు మాత్రం వినబడింది.

అప్పుడే ఇంకో లారీ గర్జిస్తూ పోయింది. తుడిచిన కాయల మీదికి నల్లమబ్బు దిగింది. షాహిస్తా నవ్వు ఆగిపోయింది.

“లే! కళ్లు కడుక్కో. కోటేష్ తిప్పిన పంపులన్నీ మళ్లీ మార్కుకి రావాలి. ఇవాళే! నవ్వినవాళ్ల లారీలతోనే మొదలుపెట్టు!”