కూర్చోమన్న కంపెనీ

రేణిగుంట జంక్షన్‌లో, పట్టపగలు పన్నెండు గంటలకు, రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే చచ్చిపోయాడు. ఒంటి మీద గాయం లేదు. పెదవి చివర కాస్త నురుగు. జేబులో ఒక ఇంటర్వ్యూ కార్డు, ఒక ఫౌంటెన్ పెన్ను.

ఆ పెన్ను మరునాడు చిత్తూరులో ధనంజయ చేతికొచ్చింది.

"సంతకం పెట్టి తీసుకో," అన్నాడు చీఫ్ జయరావు.

1942 మే నెల. జపానువాడు విశాఖ మీద బాంబులు వేసి నెల దాటింది. మద్రాసులో ఉన్న ఆఫీసులు కొన్ని మూటాముల్లె కట్టుకుని చిత్తూరొచ్చి పడ్డాయి. వాటిలో ఒకటి మామిడి మండీ వెనక గోడౌన్‌లో దిగింది. బోర్డు మీద 'స్టేషనరీ సెక్షన్' అని ఉంటుంది. లోపల జరిగేది గూఢచర్యం. ఏజెంట్లందరినీ రిజిస్టర్లో గుమాస్తాలని రాసుకుంటారు. ధనంజయ టెంపరరీ గుమాస్తా.

"చచ్చింది మనవాడే. ఏజెంట్ సెవెన్. ఇంటర్వ్యూకు వెళ్లి వస్తూ పోయాడు."

"ఏం ఇంటర్వ్యూ సార్?"

"గోల్డెన్ స్వాన్ ట్రేడింగ్ కంపెనీ. పెనాంగ్ నుంచి పారిపోయి వచ్చామంటారు. తిరుపతిలో ఒక సత్రం తీసుకున్నారు. మేనేజరు పేరు డికాస్టా. నిజం పేరు ఎవరికీ తెలియదు. నెల రోజులుగా రోజూ ఇంటర్వ్యూలు చేస్తున్నాడు. ఇంతవరకు ఒక్కడికీ ఉద్యోగం ఇవ్వలేదు."

"దాంట్లో వింతేముంది సార్? అన్ని ఆఫీసులూ చేసేది అదే కదా."

జయరావు నవ్వలేదు. "లోపల మనకొక డబుల్ ఏజెంట్ ఉన్నారు. మనిషి ఎవరో నాకూ తెలియదు. 'ఈ ఏడు బేనిషా మామిడి కాపు ఎట్లుంది' అని అడిగితే, 'పూతంతా మంచుకు రాలిపోయింది' అనాలి. కోడ్ వర్డ్ తప్పితే ప్రాణం పోతుంది. ఆ పెన్ను క్యాప్ తిప్పి నొక్కితే గుండు పేలుతుంది. ఒక్కటే గుండు."

"సరే సార్."

"ఇంకొక మాట. ఒకటో తేదీతో టెంపరరీ వాళ్లందరినీ తీసేస్తున్నారు. ఈ ముఠాను సాక్ష్యంతో సహా పట్టుకొస్తే నిన్ను బోర్డు ముందు నిలబెట్టి పర్మనెంట్ చేయిస్తా. లేదంటే నగరి పోయి మగ్గంలో కూర్చో."

నగరిలో మగ్గం ఉంది. నూలే లేదు. యుద్ధం మొదలయ్యాక నూలు ఎవరి గోడౌన్లలోకి పోయిందో ఊరందరికీ తెలుసు, సర్కారుకు మాత్రం తెలియదు. ధనంజయ మెట్రిక్ పాసై పన్నెండు ఇంటర్వ్యూలకు పోయాడు. ఒక్కచోట కూడా కూర్చోమని అన్నవాడు లేడు.

వేషం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. నిరుద్యోగిలా కనిపించాలి, అంతే. తన చొక్కానే తొడుక్కున్నాడు.

తిరుపతి సత్రంలో ఆ శుక్రవారం ఆరుగురు అభ్యర్థులు. తెల్ల సూటు, నల్ల కళ్లజోడు పెట్టుకున్న డికాస్టా గుమ్మం దాకా ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"రండి. కూర్చోండి. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి."

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్చీ అంచున, బరువు మోపితే ఎవరైనా తిడతారేమో అన్నట్టు కూర్చున్నారు. శత్రువు అని తెలిసి కూడా ధనంజయ తిరిగి దణ్ణం పెట్టాడు.

మొదట రాతపరీక్ష. 'మా ఊరు: నాకు తెలిసిన సంగతులు.' గంట టైము.

ధనంజయ జేబులోంచి పెన్ను తీసి, క్యాప్ మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు. ఇది రాసే పెన్ను కాదు. ఏజెంట్ సెవెన్ ఎట్లా దొరికిపోయాడో అప్పుడర్థమైంది. పేరుకు స్టేషనరీ సెక్షన్. పరీక్షకు పంపే మనిషికి రాయని పెన్ను ఇచ్చి పంపింది.

డికాస్టా వరసగా ఒక్కొక్కరి చేతుల వైపే చూస్తూ వస్తున్నాడు.

పక్క కుర్చీలో మనిషి తన పెన్సిల్‌ను పళ్ల మధ్య పెట్టి ఫట్‌మని విరిచాడు. కొసను గోటితో చెక్కి, సగం ముక్క చాపాడు.

"ఏమప్పా, సిరా అయిపోయినాదా? ఇదో, దీంతో గీకు. మంది ఎక్కువైతే ఉజ్జోగం పంచుకోలేము గానీ పెన్సిలు పంచుకోవచ్చు."

ఆ మనిషి పేరు మునెయ్య. ముప్పై అయిదేళ్లుంటాయి. ధనంజయ ఆ ముక్కతో నగరి గురించి నాలుగు అబద్ధాలు రాశాడు. మునెయ్య ఎనిమిది పేజీలు రాశాడు, నాలుక బయటపెట్టి, చెమట కాగితం మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటూ.

తర్వాత ఓరల్. తలుపు తీసే ఉంది. మునెయ్యను డికాస్టా తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"రైళ్ల సంగతి ఇంత బాగా ఎట్లా తెలుసు మీకు?"

"పదకొండేండ్లు సిగ్నల్ వైర్లకు నూనె పెట్టినానయ్యా. ఎండకు వైరు సాగుతాది, సలికి బిగుసుకుంటాది. సూసుకుంటా ఉండాల. యూనియన్ కాగితం మీద సంతకం పెట్టినానని తీసేసినారు. ఇప్పుడు గూడా ఇంట్లో పండుకోని సప్పుడు ఇంటే సాలు, బండి బరువుతో పోతాండాదా, ఖాళీగా పోతాండాదా సెప్తాను."

"అద్భుతం. ఈ రోజు ఏవైనా బరువు బండ్లున్నాయా?"

"శుక్రవారం కదా. నాలుగూ పదికి స్పెషల్ వస్తాది. టార్పాలిన్లు కప్పింటారు. ముందర నాలుగు పెట్టెల్లో సిపాయిలు, ఎనక మందుగుండు. స్వర్ణముఖి వంతెన మీదకు అదే టయానికి వస్తాది, నిమిషం తేడా రాదు."

డికాస్టా కుర్చీలోంచి లేచి మునెయ్యకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "మీలాంటి వాళ్లను పోగొట్టుకున్నవాళ్లు మూర్ఖులు."

మునెయ్య బయటికొచ్చి ధనంజయ పక్కన కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మంచి మనిషప్పా. పదకొండేండ్లలో నాకేమి తెలుసునో అడిగిన మొగోడు ఈయనొక్కడే."

ధనంజయకు ఇప్పుడు తేటతెల్లమైంది. ఇంటర్వ్యూయే గూఢచర్యం. ఇక్కడ ఉద్యోగమనేది లేనే లేదు. ఊరి కొలతలు, చెరువు లోతులు, బండ్ల టైములు, అన్నీ ఆకలిగొన్నవాళ్లు వరసలో నిలబడి వాళ్లంతట వాళ్లే ఇచ్చిపోతున్నారు. సర్కారు వీళ్లను పనికిరానివాళ్లంది. శత్రువు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

మూడున్నరకు డికాస్టా గబగబా మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. మిగిలిన ఇంటర్వ్యూలు స్టెనో చూస్తుందన్నాడు. స్టెనో పేరు చంద్రకాంతమ్మ. నీలం పట్టుచీర, కత్తిరించిన జుట్టు, పెదవులకు రంగు. తిరుపతి బజారులో ఆమె కారు నడుపుతుంటే జట్కా గుర్రాలు కూడా ఆగి చూసేవి.

"నెక్స్ట్. ధనంజయ." తలెత్తకుండానే అడిగింది. "ఈ ఏడు బేనిషా మామిడి కాపు ఎట్లుంది?"

ధనంజయ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పూతంతా మంచుకు రాలిపోయింది."

పెన్సిల్ కింద పెట్టింది. "వంతెన కింద డైనమైట్ పెట్టి నాలుగు రోజులైంది. వాళ్లకు కావలసింది స్పెషల్ టైము ఒక్కటే. ఇప్పుడు తెలిసింది. పేల్చే మీట నొక్కడానికే వెళ్లాడు."

"నాలుగు రోజులుగా ఏం చేస్తున్నారు మీరు?"

"యుద్ధంలో ఎవరు గెలుస్తారో చూస్తున్నాను."

"ఇప్పుడు తేలిందా?"

"లేదు. కానీ ఈ పొద్దు నా కాఫీ డికాస్టా తన చేత్తో కలిపి ఇచ్చాడు. కుండీలో చెట్టుకు పోశాను. చెట్టు వాడిపోయింది. కారు బయట ఉంది."

ధనంజయ బయటికొచ్చి మునెయ్య రెక్క పట్టుకున్నాడు. "మునెయ్యా, వంతెనను పేల్చేస్తున్నారు. నీ స్పెషల్‌ను ఆపాలి."

మునెయ్యకు అర్థమయ్యేసరికి చంద్రకాంతమ్మ కారును రెండు వీధులు దాటించింది. అర్థమయ్యాక నెత్తి కొట్టుకోలేదు, ఏడవలేదు. మొహం మాత్రం నల్లబడిపోయింది.

"స్టేషన్ మాస్టరుకు చెప్తే?" అన్నాడు ధనంజయ.

"కాగితం తెమ్మంటాడు. పద, ఔటరు సిగ్నలు వంతెనకు ఆ పక్కనుండాది. దాని వైరు ఈ పక్కనించే పోతాది. వైరు వదులైతే సిగ్నలు చెయ్యి బరువుకు దానంతట అదే అడ్డం తిరుగుతాది. డ్రైవరు ఆపాల్సిందే."

నాలుగూ అయిదుకు కారు రైలు కట్ట కింద ఆగింది. ఏట్లో ఇసుక తప్ప చుక్క నీరు లేదు. మునెయ్య కట్ట మీద పాక్కుంటూ పోయి, వైరు బిగించే స్క్రూ పట్టుకున్నాడు. కదల్లేదు.

"తుప్పు పట్టిండాది. నేను పోయినాక దీనికి సుక్క నూనె పెట్టినోడు లేడు."

అవతల కూత వినిపించింది. పొగ కనిపించింది. ధనంజయ కూడా కట్టెక్కి రెండు చేతులూ వేశాడు. అరచేతులు చీరుకున్నాయి. నాలుగూ ఎనిమిది. స్క్రూ పావు చుట్టు తిరిగింది. నాలుగూ తొమ్మిది. ఇంకొక చుట్టు. వైరు ఒక్కసారిగా జారి, పాములా రాళ్ల మీద పడింది.

వంతెనకు అవతల, వాలి ఉన్న సిగ్నల్ చెయ్యి లేచి అడ్డంగా నిలబడింది.

బ్రేకులు కీచుమన్నాయి. ఇంజను వంతెన మొదటి కంబానికి పది గజాల దూరంలో ఆగి, బుస కొట్టింది. కింద తుప్పల్లోంచి తెల్ల సూటు పైకి లేచింది. డికాస్టా మీట పెట్టె వదిలేసి పరుగెత్తాడు. ధనంజయ క్యాప్ తిప్పి నొక్కాడు. రాయని పెన్ను పేలింది. డికాస్టా మోకాలు విరిగి ఇసుకలో పడ్డాడు. వీళ్లు చేరుకునేలోగా కాలరు కొస కొరికాడు. సైనైడ్.

"సచ్చినాడా?" అన్నాడు మునెయ్య దూరంగా నిలబడి.

"చచ్చాడు."

"నాకు షేక్‌హ్యాండు ఇచ్చినాడప్పా," అని ఆ చేతిని పంచెకు తుడుచుకున్నాడు.

సాయంత్రం ధనంజయ తపాలాఫీసు నుంచి ట్రంక్ కాల్ చేశాడు.

"భేష్," అన్నాడు జయరావు. "డికాస్టా పోతే పోయాడు. సత్రంలో పరీక్ష పేపర్లున్నాయా?"

"మూడు వందల పన్నెండు సార్."

"అవే సాక్ష్యం. మూడు వందల పన్నెండు మంది దేశద్రోహులు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద ఒక్కొక్కడికీ ఏడేళ్లు. స్పెషల్ టైము చెప్పినవాడికి ఉరి. చాలా పెద్ద కేసు. ఆ పేపర్లు తీసుకునిరా, నీ పర్మనెంట్ ఆర్డరు టైపు చేయిస్తాను."

ధనంజయ సత్రానికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచాడు. పులికాట్ నుంచి వచ్చినవాడు ఏ నెలలో నీళ్లెంత లోతో, పెద్ద పడవ ఎంత దూరం రాగలదో బొమ్మ గీసి చూపాడు. కార్వేటినగరం వాడు మిలిటరీ పెట్రోలు పీపాలు పెట్టిన చోటు రాసి, దస్తూరీ బాగాలేదు మన్నించమన్నాడు. ఒకడు మూడు రోజులు నడిచి వచ్చానని రాశాడు. ప్రతి కాగితం అడుగునా ఒకటే మాట: దయచేసి ఏ పనైనా ఇప్పించగలరు. మునెయ్య కాగితం అన్నిటికంటే పైన ఉంది. సగం పెన్సిల్‌తో రాసిన ఎనిమిది పేజీలు.

పెట్టె ఎత్తుకుని వంటింట్లోకి నడిచాడు. పొయ్యిలో నిప్పులింకా ఉన్నాయి. మునెయ్యదే ముందు వేశాడు.

చంద్రకాంతమ్మ గుమ్మానికి ఆనుకుని చూసింది. "నీ ఆర్డరు కూడా దాంతోపాటు కాలిపోతోంది, తెలుసా?"

"తెలుసు. చూడనట్టు ఉండగలరా?"

"చూడ్డానికే కదా నాకు రెండు చోట్ల జీతం," అంది. కానీ చివరి కట్ట తనే అందించింది.

పది రోజులకు చిత్తూరులో బోర్డు కూర్చుంది. ముగ్గురు మెంబర్లు, మూడు కుర్చీలు. ధనంజయ నిలబడ్డాడు. మూల బల్ల దగ్గర చంద్రకాంతమ్మ షార్ట్‌హ్యాండ్ నోట్‌బుక్‌తో ఉంది. ఆమెను ముందు వారమే పర్మనెంట్ చేశారు.

"ఛాతీ ఎన్ని అంగుళాలు?"

"ముప్పై రెండు."

"లండన్‌లో మంచు ఏ నెలలో పడుతుంది?"

"తెలియదు."

మధ్యలో ఉన్న దొర నోట్ చేసుకున్నాడు. పక్కనున్న రంగనాథం మొదలియారు కళ్లజోడు సవరించుకున్నాడు. "మీ వాళ్లది ఏం పని?"

"నేత."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"నూలు లేదు గనక."

జయరావు ముందుకు వంగాడు. "ఆ మూడు వందల పన్నెండు పేపర్లు ఏమయ్యాయి?"

"పొయ్యిలో పడ్డాయి సార్."

"ఎట్లా పడ్డాయి?"

"నేను వేస్తే పడ్డాయి. అవి దరఖాస్తులు సార్. పని ఇప్పించమని రాసుకున్నవి."

దొర జయరావుతో గుసగుసలాడాడు. ధనంజయను జైలుకు పంపాలంటే అతనెవరో కోర్టులో చెప్పాలి. అతనెవరో చెప్పాలంటే స్టేషనరీ సెక్షన్ సంగతి చెప్పాలి. దానికి ఎవరూ సిద్ధంగా లేరు.

"నువ్వు పోవచ్చు," అన్నాడు జయరావు. "రేపటి నుంచి రానక్కర్లేదు."

బయట వరండా నిండా జనం. మెట్లు దిగి మామిడి మండీ దాకా వరస. గోడ మీద కొత్త నోటీసు: స్టేషనరీ సెక్షన్‌లో ఒక టెంపరరీ గుమాస్తా పోస్టు ఖాళీ. నోటీసు మీద నిన్నటి తేదీ ఉంది.

వరసలో మధ్యన మునెయ్య. ఉతికిన చొక్కా, నీళ్లు పెట్టి దువ్విన జుట్టు. ధనంజయను చూసి మొహం వెలిగిపోయింది.

"ఏమప్పా, నువ్వు గూడా వచ్చినావా? అప్పుడే అయిపోయినాదా నీది?"

"అయిపోయింది."

మునెయ్య గొంతు తగ్గించి దగ్గరికి వంగాడు. "లోపల ఏమేమి అడుగుతాండారో కొంచెం సెప్పప్పా."

ధనంజయ వరస పొడుగునా ఒకసారి చూశాడు.

"ఏమైనా అడుగుతారు మునెయ్యా. నీకేమి తెలుసునో మాత్రం అడగరు."