దేవరకొండలో రెండో బీప్

"లారీలో పైన సిమెంట్ బస్తాలు, అడుగున క్వారీల్లో పేల్చే మందు. మేళ్లచెరువులో ఎక్కిస్తున్నారు. వెళ్ళేది కృష్ణ ఒడ్డున పవర్‌హౌస్‌కి. అక్కడ డ్యూటీలో రెండు వందల మంది ఉంటారు," అన్నారు నిఘా విభాగం చీఫ్ మల్లప్ప. "అమ్రాబాద్ చెక్‌పోస్ట్ దాటిందంటే ఇక చేసేదేమీ లేదు. నాకు లారీ నంబర్ కావాలి. ఫోన్‌లో నోటితో చెప్పొద్దు. ఎక్స్ఛేంజ్‌లో ఈ పని చేయిస్తున్న విదేశీ ముఠా చెవులున్నాయి. లాప్‌టాప్ నుంచి కోడ్‌లో పంపు. మన ఆఫీసులో లీల మెషీన్ సిద్ధం చేసింది."

అది నిన్నటి మాట. 1998 మే నెల.

ఇవాళ మధ్యాహ్నం రెండూ యాభైకి ఏజెంట్ అజీజా బేగం గాజులమ్మ వేషంలో, గాజుల మూట మలారం భుజాన వేసుకుని దేవరకొండ ఎస్టీడీ బూత్‌లో అడుగుపెట్టింది. గంట క్రితం లారీ ఊళ్ళో టైరు మార్చుకుంటుంటే నంబర్ చూసింది. అది అమ్రాబాద్ చేరేది మూడున్నరకి.

బూత్ గోడ నిండా పాన్ ఉమ్మి. దాని మీద మళ్ళీ ఎండిన ఉమ్మి. ఆమె మలారం గోడకు తగలకుండా పక్కకు జరిపింది.

"ఎర్ర గాజులున్నయా?" కౌంటర్ వెనక నుంచి సీతారాములు అడిగాడు.

"పగిలినయే ఉన్నయి మామా."

కోడ్ కుదిరింది. ఇరవయ్యేళ్ళు మగ్గం నేసి బూత్ పెట్టుకున్న మనిషి అతను. విభాగానికి నమ్మకస్తుడు. ఫోన్ వైరు ఊడదీసి ఇచ్చాడు.

అజీజా మలారం అడుగు నుంచి లాప్‌టాప్ తీసింది. పేకముక్కంత మోడెమ్ కార్డు పక్క సందులోకి నెట్టింది.

ఒక సన్నటి బీప్. వెంటనే ఒక బొంగురు బీప్.

మళ్ళీ తీసి పెట్టింది. మళ్ళీ అదే. సన్నది, బొంగురుది.

"ఏందే బిడ్డా, గట్ల మూలుగుతాంది?"

"కార్డును గుర్తుపట్టింది మామా. కానీ జాగా ఇస్తలేదు. రెండు బీపులూ సన్నగ రావాలె."

సీతారాములు చెవి ఒగ్గాడు. "మా మగ్గం సుత గంతే. పోగులు దూర్చే అచ్చులో ఒక్క సందుల రెండు పోగులు జొరబడితే సప్పుడు మారుతది. నీ డబ్బల ఎవలు ఎవలి సందుల జొచ్చిన్రో సూడు."

ఆమె లాగ్ తెరిచింది. ముసలాయన అన్నదే నిజం. మోడెమ్ కూర్చోవలసిన మూడో ఇంటరప్ట్ లైన్‌ను, అంటే అది ప్రాసెసర్‌ను పిలిచే దారిని, లాప్‌టాప్‌లోని ఇన్‌ఫ్రారెడ్ పోర్టు పట్టుకుని ఉంది. ఆ లైన్ వాడొద్దని కార్డు డ్రైవర్‌కు చెప్పే వరస సెట్టింగ్స్ ఫైల్లో ఉండాలి. ఉంది కూడా. కానీ దాన్ని ఎవరో పనిచేయకుండా చేశారు. ఫైల్ మారిన సమయం నిన్న రాత్రి తొమ్మిది. అప్పుడు మెషీన్ లీల చేతిలో ఉంది.

ఈ మెషీన్‌లో ఉన్నది లినక్స్, ఏ ఫైలైనా విప్పి చూడొచ్చు. మనుషుల్లో ఆ సౌకర్యం లేదు. నాలుగేళ్ళు తనతో ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషి. అజీజాకు గోడ మీది ఉమ్మే నయమనిపించింది.

మూడూ పద్దెనిమిది. వరసను బాగుచేసి డ్రైవర్‌ను మళ్ళీ నడిపింది.

బీప్. బీప్. రెండూ సన్నగా.

మోడెమ్ కీచుమంటూ హైదరాబాద్‌ను పిలవసాగింది. లైన్ తెగింది. మళ్ళీ పిలిచింది. అప్పుడే బూత్‌లోకి సెంటు వాసన వచ్చింది. దాని వెనకే నల్ల కళ్ళద్దాలు, షిఫాన్ చీర, లీల.

బయట బెంచీ మీద పదిమంది కూర్చుని చూస్తున్నారు. లీల నవ్వింది. "ఏమ్మా గాజులమ్మా, నాకు సరిపోయేవి ఉన్నాయా?" అంటూ ఎదురుగా కూర్చుని కుడి చెయ్యి చాపింది. గొంతు తగ్గించి, "వదిలెయ్ అజీజా. సింగపూర్‌లో నీకూ ఒక ఫ్లాట్ ఇప్పిస్తా," అంది.

"రెండొందల పాణాల మీద కట్టిన ఫ్లాటా?"

లీల ఎడమ చెయ్యి మెల్లగా ఫోన్ వైరు వైపు పాకుతోంది.

హైదరాబాద్ మనిషి కదా, ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఈ ఊళ్ళలో గాజులమ్మ చేతిలో చెయ్యి పెట్టాక, డజను పూర్తయ్యేదాకా ఆ చెయ్యి మనది కాదు.

అజీజా ఆమె పిడికిలి నొక్కి, ఇరుకైన గాజులు నాలుగు ఒక్కసారే కణుపుల మీదికి ఎక్కించింది. లీల కెవ్వుమంది.

"చెయ్యి ఇదిలియ్యకు బీబీ. గాజు కోస్తది."

లీల ఎడమ చెయ్యి వైరును అందుకోబోయింది. సీతారాములు ఆ చేతిని గాల్లోనే పట్టాడు, తెగిన పోగును పట్టినట్టు.

మూడూ ఇరవై ఏడు. మెసేజ్ వెళ్ళింది. తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుతోంది. ఇరవై ఎనిమిది. గాజొకటి చిట్లింది. ఇరవై తొమ్మిది. అక్షరాలు పడ్డాయి: లారీ గేటు దగ్గర ఆగింది. డ్రైవర్ దొరికాడు.

అజీజా మలారం అడుగు నుంచి ఉక్కు బేడీల జత తీసింది. లీలను తాకాలంటేనే రోతగా ఉన్నా, ఆమె రెండు చేతులకూ తొడిగింది.

టిక్. టిక్.

సీతారాములు చెవి ఒగ్గి విని తల ఊపాడు.

"రెండూ ఒక్కతీరుగనే ఇనబడ్డయి బిడ్డా. గీ పారి మంచిగ కూసున్నది."