పోలమ్మ తిట్టని రోజు

టీ మరుగుతుండగానే ఎల్లాజీ ఛాయ పడింది.

కొట్టు వాసానికి వేలాడే చెవిబిళ్ళ ఎర్రగా వెలిగి, మెత్తటి గొంతుతో చెప్పింది. "సూరాడ ఎల్లాజీ, హెవీవెయిట్. కొచ్చి కురూప్‌తో రీమ్యాచ్‌లో గెలిచే అవకాశం నూటికి ఇరవై మూడు. నలభై లేనిదే బరిలోకి అనుమతి లేదు."

విశాఖ హార్బరులోనే కాదు, దేశంలో ఎక్కడా ఇప్పుడు ఎవరూ ఉత్తినే తలపడరు. ముందు ఛాయ వేస్తారు. ఇద్దరి కండలూ ఊపిరీ కోపమూ కొలుస్తుంది ఛాయాగణకం. వాళ్ళ నీడల్ని తన కడుపులో లక్షసార్లు కొట్టించి ఫలితం చెబుతుంది. పొలం తగాదా అయినా అంతే, ఎన్నిక అయినా అంతే. నిరుడు హార్బరు కూలీలు సమ్మె నోటీసిస్తే కంపెనీ ఛాయ వేయించింది. తొమ్మిదో రోజుకు బియ్యం నిండుకుని లొంగిపోతారని వచ్చింది. చెయ్యని సమ్మెలో ఓడిపోయి, మర్నాడు అందరూ నోరు మూసుకుని మూటలు మోశారు.

ఎల్లాజీ రికార్డు మీద మచ్చ కూడా అలాంటిదే. పంతొమ్మిది గెలుపులు, అన్నీ ఈ ఛాయలు రాకముందు ఒళ్ళు హూనం చేసుకుని గెలిచినవి. ఒకే ఒక్క ఓటమి, అది ఛాయలో. కురూప్ గ్లవ్ అతని ఒంటికి తగల్లేదు.

"ఓటమి ఓటమేరా," అన్నాడు క్రేన్ నడిపే గురుమూర్తి, గ్లాసు ఊదుకుంటూ. "రికార్డులో పడిపోనాది. ఇంకేటి?"

"ముక్కు పగల్నేదు, నెత్తురు రానేదు. అదేటి ఓటమి మావా?" అన్నాడు మూటలు మోసే దానయ్య. "మూడో రౌండు దాటితే కురూప్‌గాడు నోటితో గాలి పీలుస్తాడు. తెర మీద నాను సూసినాను."

"నువ్వు సూసింది ఆడి నీడని."

"నీడకి ఆయాసమెందుకొస్తది, ఆడికి నేకపోతే?"

గురుమూర్తి నవ్వాడు. "అసలు సంగతి అది కాదెహె. మనోడు పోస్టర్లో హార్బరు రాకాసి. పళ్ళు కొరుకుతాడు. బరిలో ఎదరోడు పడిపోతే ఈడే ముందెళ్ళి లేపుతాడు. గణకం అది సూసేసింది."

పోలమ్మ టీ వడగడుతూనే అందుకుంది. "ఆడి మొకం. ఆడేటి గెలుస్తాడు? అదో చెయ్యా? ఎండు సావిడాయి సేప. కురూప్ ఊదితే భీమిలిలో పడతాడు."

అందరూ తృప్తిగా తలలూపారు. వాళ్ళ జాలరిపేటలో బలమైన బిడ్డను బలంగా ఉన్నాడనరు. దిష్టి తగులుతుంది. ఎంత ప్రేమ ఉంటే అంత తిట్టాలి. తల్లి పోయాక ఎల్లాజీని అక్క పోలమ్మే పెంచింది. ప్రతి పోటీకీ తమ్ముడి చేతులకు గుడ్డ చుడుతూ, పనికిరావురా, ఓడిపోయి వస్తావురా అని నోరారా తిట్టేది. అతను పగలబడి నవ్వి, ఆ నవ్వుతోనే బరి ఎక్కేవాడు.

ఆ మధ్యాహ్నం క్రీడామండలి ఛాయాధికారిణి హిమజ కొట్టుకు వచ్చింది. ఇరవై మూడు ఎలా వచ్చిందో చెప్పమని పోలమ్మ కబురు పెట్టింది మరి.

"బలంలో మీ తమ్ముడు కురూప్‌కి సమానమేనమ్మా," అంది హిమజ. "తగ్గింది దగ్గరవాళ్ళ సాక్ష్యంలో."

"ఎవులు సెప్పినారు ఆ సాచ్చికం? పేరు సెప్పు తల్లీ, ఇయ్యాలే ఆడి పని పడతాను."

హిమజ చెవిబిళ్ళకేసి చూసింది. "మీరేనమ్మా. ఈ బిళ్ళ విన్నదంతా గణకానికి చేరుతుంది. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళ మాటకు గణకంలో బరువెక్కువ. ఏళ్ళ తరబడి మీరు రోజూ ఓడిపోతాడనే చెప్పారు. ఈ కొట్టులో అందరూ అదే అన్నారు."

పోలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అది దిష్టమ్మా. అలాగనకపోతే దిష్టి తగల్దూ?"

"నాకర్థమైంది. దానికి అర్థం కాదు. నేను రాసిచ్చినా తీసుకోదు." హిమజ లేచి నిలబడింది. "మళ్ళీ ఛాయ వేసేదాకా కాస్త మంచిగా మాట్లాడండి. అంతకంటే దారి లేదు."

లక్షల లెక్కలు చేసే యంత్రానికి తిట్టులో ముద్దు తెలియదు. తెలియనిది దానికి, నోరు మార్చుకోవలసింది వీళ్ళు.

మార్చుకున్నారు. "మా ఎల్లాజీ కొండ," అన్నాడు దానయ్య, బిళ్ళకేసి దొంగచూపులు చూస్తూ. "సింహం," అన్నాడు గురుమూర్తి, చేదుమందు మింగినవాడిలా. "నా తమ్ముడంతోడు ఇంకోడు నేడు," అంది పోలమ్మ. అని, గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో పడేసింది. ఘాటు పొగ వస్తుంటే కళ్ళు తుడుచుకుంది.

అవకాశం యాభై ఒకటికి ఎక్కింది. నీడలు కాకుండా మనుషులే కొట్టుకునే పోటీ చాలా ఏళ్ళకు ఖాయమైంది. హార్బరంతా తరలి వెళ్ళింది.

బరి మూల స్తంభానికీ చెవిబిళ్ళే. మధ్యలో అవకాశం నలభై కంటే దిగితే పోటీ ఆపేస్తారు. పోలమ్మ గుడ్డ చుడుతోంది. ఎల్లాజీ చేతులు చాపి, ముందే నవ్వు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"సెప్పప్పా."

"గెలుస్తావు."

అతని నవ్వు సగంలో ఆగింది. "సరిగ్గా సెప్పప్పా."

"గెలుస్తావురా. నీకేటి, బంగారంలాగున్నావు."

ఆ మాట ఆ ఇంట్లో ఒక్కసారే వినబడింది. డాక్టర్లు చేతులెత్తేసిన రోజున, అమ్మ తల నిమురుతూ పోలమ్మే అంది. నీకేటమ్మా, బంగారంలాగున్నావు అని. సాయంత్రానికి అమ్మ పోయింది. ఎల్లాజీ అక్క ముఖంలోకి చూశాడు. నాలుక కొసదాకా వచ్చిన తిట్టును ఆమె మింగేసింది. బిళ్ళ పచ్చగా వెలుగుతోంది.

రెండో రౌండులో ఎల్లాజీ అక్కకేసి తిరిగి చూశాడు. ఆ క్షణంలోనే కురూప్ కుడిచెయ్యి కణత మీద పడింది. పోలమ్మ తువ్వాలు విసిరేసరికే అతను నేల మీద ఉన్నాడు. ఈసారి ఎదటివాడే వంగి ఎల్లాజీని లేపబోయాడు. లేవలేదు.

ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ అయింది. కుడి పక్క పడిపోయింది. మంచానికి పైన చెవిబిళ్ళ. కోలుకునే అవకాశం నూటికి నలభై ఉంటేనే మంచం ఉంచుతారు. ఎల్లాజీది నలభై రెండు. గురుమూర్తీ దానయ్యా ముందే నేర్చుకుని వచ్చిన మంచి మాటలు అప్పజెబుతున్నారు. విన్నకొద్దీ ఎల్లాజీ కళ్ళలో భయం ముదురుతోంది. పెదాలు కదిలాయి.

"తిట్టప్పా."

పోలమ్మ పైన బిళ్ళను చూసింది. తమ్ముణ్ణి చూసింది.

"సచ్చినోడా," అంది. ఇక ఆగలేదు. "ఎందుకూ పనికిరాని ఎదవా. పడుకున్నది సాల్నేదేటి? నీ మొకానికి నువ్వు లేస్తావా, నడుస్తావా? నువ్వు నడిస్తే నా పేరు మార్చుకుంటాను."

ఎల్లాజీ ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచింది, గుడ్డ చుట్టమన్నట్టు. ముఖంలో బతికున్న సగం నవ్వింది.

బిళ్ళ ఎర్రగా వెలిగింది. "కోలుకునే అవకాశం నూటికి ముప్పై ఒకటి. దయచేసి మంచం ఖాళీ చేయండి."

ఎల్లాజీని ఇంటికి మోసుకెళ్ళారు. దారి పొడుగునా ప్రతి స్తంభానికీ ఒక బిళ్ళ ఉంది. ఒక్కోదాని కిందా పోలమ్మ గొంతు పెంచి తిట్టింది. దానయ్య అందుకున్నాడు, వెనకాల హార్బరు కూలీలంతా అందుకున్నారు. పదిహేను, తొమ్మిది, నాలుగు అని బిళ్ళలు చెబుతూ పోయాయి. పైకి చూసినవాడు లేడు.

తలవైపు పట్టుకున్న గురుమూర్తి జాలరిపేట మలుపులో భుజం మార్చుకుని వగర్చాడు. "ఎండు సావిడాయివి కదరా. ఇంత బరువేటిరా?"